నీటి ఒడ్డున గోల్‌ బంగ్లా!

చెరువు గట్టున గాజు గదులు కట్టి ‘లేక్‌ వ్యూ’ అనడం ఇప్పటి ఫ్యాషన్‌. ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగర్‌ వెళ్లి చూడండి, ఆ సరదా నిజాం కాలంలోనే తీరిపోయింది! మంజీరా నదిపై అచ్చంపేట, బంజేపల్లి దగ్గర 1923లో మొదలైన ఆనకట్ట 1931లో పూర్తయింది. దాని వెనకున్న ఇంజినీరు నవాబ్‌ అలీ నవాజ్‌ జంగ్‌. ఆ నీళ్లను చూస్తూ సేదతీరడానికి కట్టిందే గోల్‌ బంగ్లా. వానాకాలంలో గేట్లెత్తినప్పుడు అక్కణ్నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అంతటి కట్టడం ఏళ్ల తరబడి ఆలనాపాలనా లేక పాడుబడింది.

పాతదాన్ని బాగుచేయడం అయ్యే పనేనా అంటారా? కామారెడ్డి జిల్లాలోనే ఉన్న దోమకొండ గడిని చూడండి. చుట్టూ అగడ్త, లోపల అద్దాల మేడ, మహల్‌ నడిమి ముంగిట్లో నీటి కొలను. సినీనటుడు రామ్‌చరణ్‌ అత్తవారి వంశం వాళ్లదే ఈ గడి. ఓపిగ్గా బాగుచేయించినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్‌ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో ‘అవార్డ్‌ ఆఫ్‌ మెరిట్‌’ దక్కింది.

నిజాంసాగర్‌ గట్టున కొత్త కాటేజీలకు పునాదులు తవ్వేముందు, దోమకొండలో పనిచేసిన మేస్త్రీలను ఒక్కసారి గోల్‌ బంగ్లాకు తీసుకెళ్తే బాగుండు!