కోషియెన్ మట్టి

జపాను దేశమున ఆగస్టు నెల ఎండకును ఉక్కకును పేరు పడినది. అప్పుడు పాఠశాలలకు సెలవులు. అయినను ఒసాకా, కోబే నగరముల నడుమ నున్న నిషినోమియా పట్టణమునకు పోవు రైళ్లు ఆ దినములలో ఉదయము మొదలు క్రిక్కిరిసి యుండును. మెడలకు తువాళ్లు చుట్టుకొని, చేత విసనకఱ్ఱలు పట్టుకొని, ముసలివారును పిల్లలును ఒక పెద్ద క్రీడామైదానము వైపు నడచుచుందురు. వారు చూడబోవునది పేరుమోసిన వృత్తి క్రీడాకారుల ఆట కాదు. పదునాఱు, పదునేడేండ్ల బాలుర ఆట. దేశమునందలి ఉన్నత పాఠశాలల బేస్‌బాల్ జట్లకు ఏటేట జరుగు పోటీ యది. మైదానము పేరు కోషియెన్. పోటీకిని ఆ పేరే వాడుకలో స్థిరపడినది. వసంత కాలమునను అక్కడ మఱియొక పోటీ జరుగును గాని, జనుల మనస్సున నాటుకొన్నది వేసవి పోటీయే.

బేస్‌బాల్ క్రికెట్టునకు దూరపు చుట్టము వంటిది. జట్టునకు తొమ్మండుగురు. ఒకడు బంతిని విసరును. ఎదిరి జట్టువాడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి, నాలుగు మూలల బాటను చుట్టి వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు అవుటైనచో ఆ జట్టు వంతు తీరును. ఇరు జట్లకును చెరియొక వంతు వచ్చిన ఒక ఇన్నింగ్సు, అట్టివి తొమ్మిది. అప్పటికి పరుగులు సమానముగా నున్నచో ఆట ఇంకను సాగును. బంతి విసరువానిని పిచ్చరు అందురు. క్రికెట్టునందు బౌలరు ఆఱు బంతులు వేసి బంతిని మఱియొకని కిచ్చును. ఇక్కడ అట్టి నియమము లేదు. సమర్థుడైన పిచ్చరు దొరికినచో ఆట మొదలు తుది వఱకు అతడే విసరవచ్చును. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకొనవలెను. ఈ పోటీని గూర్చిన పెద్ద వివాదము దీనినుండియే పుట్టినది.

2025వ సంవత్సరమున ఈ పోటీలో సుమారు 3,400 జట్లు పాల్గొన్నవి. జపాను 47 మండలములుగా విభజింపబడి యున్నది. జూన్, జూలై నెలలలో ఏ మండలమున కా మండలమున పాఠశాలలు తమలో తాము తలపడును. మండలమున కొక్క జట్టు, విశాలమైన హొక్కైదోకును, జనసమ్మర్దము గల టోక్యోకును రెండేసి జట్లు చొప్పున మొత్తము 49 జట్లు కోషియెన్ చేరును. తొలి ఆట మొదలు తుది ఆట వఱకు నియమ మొక్కటే: ఒక్కసారి ఓడిన జట్టు ఇంటికి పోవలసినదే. పోయిన దానిని మరునాడు కూడదీసికొందమన్న వీలు లేదు.

ఈ పద్ధతిలోని లెక్క చాల సులువైనది, కొంచెము కఠినమైనది కూడ. ఆట కొక జట్టు తొలగును గనుక 49 జట్లలో ఒకటి మిగులుటకు 48 ఆటలు జరుగవలెను. దేశమంతటను చూచినను ఇదే లెక్క. 3,400 జట్లు బరిలో దిగినచో, ఒక్కటి తప్ప తక్కిన వన్నియు ఆ వేసవిని ఓటమితోనే ముగించును. జపానునందు ఉన్నత పాఠశాల చదువు మూడేండ్లు. విద్యాసంవత్సరము మార్చితో తీరును. మూడవ యేటి విద్యార్థులు వేసవి పోటీతో ఆటకు సెలవు పుచ్చుకొని పరీక్షలకును ఉద్యోగములకును మరలుదురు. కావున ఓడిన ఆటయే వారిలో చాలమందికి పాఠశాల దుస్తులలో ఆడు కడపటి ఆట. ఇట్టి పోటీని ఒక జాతి నూఱేండ్లకు పైగా ప్రేమించుచుండుట వింతయే.

ఒసాకాలోని అసాహి వార్తాపత్రిక 1915లో దీనిని ప్రారంభించెను. తొలి యేట 73 పాఠశాలలు మాత్రమే పోటీపడగా వానిలో పది జట్లు తుది పోటీకి వచ్చెను. క్యోటో రెండవ మాధ్యమిక పాఠశాలయు, ఉత్తరమున నున్న అకితా మాధ్యమిక పాఠశాలయు చివరకు మిగిలెను. ఆట పదుమూడు ఇన్నింగ్సులు సాగి, 2–1 పరుగులతో క్యోటో గెలిచెను. ఓడిన అకితాను మఱువరాదు. దాని కథ ఇంకను ఉన్నది.

చూడవచ్చు జనము ఏటేట పెరుగుటచే పాత మైదానములు చాలక, హాన్షిన్ విద్యుత్తు రైల్వే కంపెనీవారు ఎండిపోయిన ఏటి గర్భమున ఒక క్రొత్త మైదానమును కట్టించిరి. పని మార్చిలో మొదలై ఐదు నెలలలో ముగిసెను. 1924 ఆగస్టు 1వ తేదీన దానిని తెఱచిరి. మనకు ప్రభవ మొదలు అక్షయ వఱకు అఱువది సంవత్సరముల చక్ర మున్నట్లే చైనా, జపాను దేశములందును అట్టి చక్రము కలదు. 1924 వారి చక్రమున మొదటి సంవత్సరము. దానిని సూచించు రెండక్షరములను కో, షి అని చదువుదురు. ఎన్ అనగా తోట. శుభారంభ మగునని ఆ పేరు పెట్టిరి. మనకు మాత్రము ఆ యేడు రక్తాక్షి. మన ప్రభవ మూడేండ్ల పిమ్మట గాని రాలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 మొదలు 1945 వఱకు, పోటీ నిలిచిపోయెను. ప్రేక్షకుల తలలపై నీడ నిచ్చు పెద్ద లోహపు కప్పును యుద్ధావసరములకై ఊడదీసిరి. 1946లో పోటీ మరల మొదలైనను, మైదానము అమెరికా సైన్యము అధీనమున నుండుటచే వేఱొకచోట ఆడవలసి వచ్చెను. మరుసటి యేట కోషియెన్‌కు తిరిగి వచ్చిరి. నేటికిని ఆగస్టు 15వ తేదీన, యుద్ధము ముగిసిన దినమున, మిట్టమధ్యాహ్నము ఆట నాపుదురు. సైరను మ్రోగును. ఆటగాండ్రును వేలకొలది ప్రేక్షకులును ఒక నిమిషము శిరసులు వంచి మౌనముగా నిలుతురు. పిమ్మట ఆట ఎక్కడ ఆగినదో అక్కడనుండియే సాగును.

ఆట ముగియగానే రెండు జట్లును ఎదురెదురుగా బారులు తీరి ఒండొరులకు వందనము చేయును. గెలిచిన పాఠశాల గీతమును వినిపింతురు. తరువాత ఓడిన జట్టువారు మోకాళ్లపై కూర్చుండి, మైదానమునందలి నల్లని మట్టిని చేతులతో ప్రోగుచేసి సంచులలో నింపుకొందురు. ఈ ఆచారమును మొదలుపెట్టిన దెవరన్న విషయమున ఏకాభిప్రాయము లేదు. 1937లో తుది ఆటలో ఓడిన కుమమోటో పారిశ్రామిక పాఠశాల ఆటగాడు కవకామి తెత్సుహారు అని కొందరందురు. అతడు దరిమిలా జపానులో మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన క్రీడాకారుడు. 1949లో ఓడిన కొకురా పాఠశాల పిచ్చరు అని మఱికొందరందురు. ఎవరైననేమి, కొందఱు ఆ మట్టిని తమ పాఠశాల మైదానమున చల్లుదురు. కొందఱు సీసాలో పోసి ఇంట దాచుకొందురు.

2020లో కోవిడ్ వ్యాధి కారణముగా పోటీయే జరుగలేదు. ఓడుటకైనను అవకాశము లేకపోయిన మూడవ యేటి బాలురను తలచి, ఆ మైదానమున ఆడు హాన్షిన్ టైగర్స్ అను వృత్తి జట్టువారు ఆ మట్టిని చిన్న తాళపుగుత్తి బిళ్లలలో నింపి, దేశమందలి సుమారు 50,000 మంది విద్యార్థులకు పంపిరి.

ఇక వివాదము మాట. 1933లో చూక్యో, ఆకాషి పాఠశాలల నడుమ ఆట 25 ఇన్నింగ్సులు జరిగెను. ఇరువది నాలుగింటి వఱకు ఒక్క పరుగైనను లేదు. కట్టకడపట చూక్యో 1–0తో గెలిచెను. ఇట్టి ఆటలను జనులు వీరగాథల వలె చెప్పుకొనిరి. విసరిన చేయి ఏమైనదని అడిగినవారు తక్కువ. 1958లో తోకుషిమా వాణిజ్య పాఠశాల పిచ్చరు బాండో ఎయిజీ 18 ఇన్నింగ్సులు విసరెను. నియమము ప్రకారము ఆట అక్కడ ఆగి, మరునాడు మరల మొదటినుండి ఆడవలసి వచ్చెను. మరునాడును అతడే విసరెను. 1998లో యొకొహామా పాఠశాల పిచ్చరు మత్సుజాకా దైసుకే ఒక్క ఆటలో 250 బంతులు విసరెను. అన్నింటికంటె బాధాకరమైనది 1991 నాటి సంగతి. ఒకినావా మత్స్య ఉన్నత పాఠశాల పిచ్చరు మోచేతి నొప్పితోనే ఆఱు ఆటలును తానే విసరి జట్టును తుది ఆటకు చేర్చెను. ఆ ఆటలో జట్టు ఓడెను. పిచ్చరుగా ఆ బాలుని జీవితమును అంతటితో ముగిసెను. చప్పట్లు కొట్టిన చేతులకు ఇందులో భాగము లేదనుట కష్టము.

అకితా కథయు ఇక్కడనే వచ్చును. 1915 తరువాత ఆ మండలపు జట్టేదియు తుది ఆటకు చేరలేదు. 2018లో కనాఆషి వ్యవసాయ ఉన్నత పాఠశాల ఆ లోటు తీర్చెను. సేద్యము నేర్చుకొను ఆ పల్లె బాలురు ఒకరి తరువాత ఒకరుగా పేరు గల జట్లను ఓడించిరి. గెలిచినప్పుడెల్ల నడుము వెనుకకు విల్లువలె వంచి పాఠశాల గీతమును ఎలుగెత్తి పాడుచుండిరి. 103 ఏండ్ల తరువాత అకితా జట్టు తుది ఆటలో నిలిచెను. కాని పిచ్చరు యోషిదా కోసెయ్ అప్పటికే అలసిపోయి యుండెను. ఐదు ఇన్నింగ్సులలో 12 పరుగులు పోగా, అతడు బంతిని సహచరుని కిచ్చి మైదానపు అంచున నిలిచెను. ఒసాకా తోయిన్ పాఠశాల 13–2తో గెలిచెను. ఆ పోటీలో యోషిదా విసరిన బంతులు మొత్తము 881.

ఈ సంఖ్య దేశమును ఆలోచింపజేసెను. 2020 నుండి ఒక పిచ్చరు వారము దినములలో 500 బంతులకు మించి విసరరాదను నియమము వచ్చెను. ఆటలు అంతము లేక సాగకుండుటకు వేఱొక ఏర్పాటును 2018 నుండియే అమలు జరిపిరి. 2024 నుండి కొన్ని దినములలో ఆటలను ఉదయమునకును సాయంత్రమునకును మార్చి, మిట్టమధ్యాహ్నపు ఎండను తప్పించుచున్నారు. 500 అన్నది ఇంకను ఎక్కువే యనువారు కలరు. అయినను ఒక హద్దంటూ ఏర్పడుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

మట్టి మాట కొంత మిగిలియున్నది. యుద్ధములో ఘోరముగా దెబ్బతిన్న ఒకినావా దీవి, యుద్ధానంతరమున అమెరికా పాలనలో నుండెను. 1958లో ఆ దీవిలోని షురి ఉన్నత పాఠశాల జట్టునకు కోషియెన్‌లో ఆడు అవకాశము కలిగెను. ఆ బాలురు జపానీ భాష మాట్లాడువారే యైనను, జపానులో అడుగిడుటకు ప్రయాణపు అనుమతి పత్రములు కావలసి వచ్చెను. మొదటి ఆటలోనే త్సురుగా పాఠశాల చేతిలో 0–3తో ఓడిరి. అందఱివలెనే వారును మట్టి నెత్తుకొని ఓడ యెక్కిరి. ఓడ నహా రేవు చేరగానే అధికారులు ఆ సంచులను అడ్డగించిరి. పరదేశపు మట్టితో తెగుళ్లు రాగలవు గనుక దానిని దిగుమతి చేయరాదని చట్టము. అధికారులు చట్టము ననుసరించిరి. కోషియెన్ మట్టి నహా రేవున సముద్రము పాలయ్యెను. ఏది స్వదేశమో, ఏది పరదేశమో ఆ బాలురకు అంతవఱకు ఇంత స్పష్టముగా తెలిసియుండదు.

ఈ వార్త విని జపాన్ ఎయిర్‌లైన్స్ విమానములలో పనిచేయు ఒక యువతి మనసు కలగెను. మట్టికి నిషేధము కలదు గాని రాళ్లకు లేదు. ఆమె కోషియెన్ మైదానపు గులకరాళ్లను సేకరించి షురి పాఠశాలకు చేర్చెను. పాఠశాల ఆవరణమున ఒక స్మారకశిల నిలిపి, ఆ రాళ్లను అందు పొదిగిరి.

1963లో షురి పాఠశాలయే కోషియెన్‌లో ఒకినావాకు తొలి గెలుపు సాధించెను. 1972లో దీవి జపానుకు తిరిగి చేరుటతో మట్టిపై ఆంక్షయు తొలగెను. 1990లోను, 1991లోను ఒకినావా మత్స్య పాఠశాల తుది ఆట వఱకు వచ్చి ఓడెను. 2010లో కోనన్ పాఠశాల ఆ దీవికి తొలిసారి వేసవి విజయము నార్జించెను. 2025 ఆగస్టు 23వ తేదీన ఒకినావా షోగాకు పాఠశాల తుది ఆటను 3–1తో గెలిచెను. ఆ నాడు మట్టి నెత్తుకొనుట ఎదిరి జట్టు వంతు. అది రాజధానియైన టోక్యోనుండి వచ్చిన జట్టు.