బనావే కొండలయందలి వరిమళ్లు

ఫిలిప్పీను దీవులలో పెద్దదియగు లూజాన్ దీవికి ఉత్తరభాగమున కార్డిల్యేరా యను పర్వతపంక్తి కలదు. ఆ పర్వతముల నడుమ, ఇఫుగావో మండలమున, బనావే యను గ్రామీణ పురపాలకమున్నది. రాజధానియగు మనీలానుండి ఉత్తరముగా సుమారు 350 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కినవారు తెల్లవారుసరికి చేరుదురు. అచటి భాషలో "పుగో" అనగా కొండ. ఇఫుగావోలనగా కొండవారని యర్థము. ఈ యూరికి వచ్చువారందరును చూడగోరునది యొక్కటే: వేయిమీటర్లకు మించిన యెత్తున, కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన వరిమళ్లు. ఆ మళ్లనుగూర్చియు, వానిని నిలిపిన స్త్రీలనుగూర్చియు మా సోదరీమణులకు కొంత తెలుప దలచితిమి.

చూచుటకు ఇవి సోపానములవలె నుండును గాని, నిజమునకివి గొప్ప నీటికట్టడములు. మళ్లకు పైన ప్రతికుటుంబమునకును "ముయోంగ్" అను సొంత యడవి యుండును. వాననీటిని ఆ యడవి పీల్చుకొని ఊటలుగా విడుచును. ఆ నీరు కాలువలగుండ పైమడిలో ప్రవేశించి, ఒక మడినుండి క్రిందిమడికి దిగుచు, కట్టకడపట లోయలోని యేటిలో కలియును. మడి యెండినచో నేల బీటలువారి గట్టు జారును. కనుక కోత ముగిసిన పిమ్మటను నీరు నిలిపియే యుంతురు. అడవిని నరికినవాడు తన మడిని తానే యెండగట్టుకొన్నట్లు.

ఈ మళ్లు రెండుమూడు వేలయేండ్ల నాటివని పూర్వపు పండితులు వ్రాసిరి. ఇటీవల స్టీఫెన్ అకబాదో అను పురావస్తు పరిశోధకుడును, అతని తోడివారును త్రవ్వకములు జరిపి వేరొక విధముగా చెప్పుచున్నారు. వారి మతమున మొదట నచట పండినది చేమదుంప. స్పానిషువారు లూజాన్ మైదానములను ఆక్రమించిన తరువాత, వారికి లొంగనొల్లని జనులు కొండలకెక్కి, సుమారు 400 ఏండ్ల క్రిందట వరిమళ్లను విస్తారముగా కట్టిరట. ఇదియే నిజమైనచో మళ్ల గొప్పతనము తగ్గదు సరికదా, స్వాతంత్ర్యము కోరినవారు కొండనే కోటగా మార్చుకొన్నారని హెచ్చును. స్పానిషువారు ఆ కొండలలో స్థిరముగా నిలువలేకపోయిరి.

గట్టురాళ్లు పేర్చుట పురుషులపని. నాటుట, కలుపుతీయుట, కోయుట స్త్రీలపని. అచటి దేశవాళీ వరికి "తినవోన్" అని పేరు. ఏడాదికొకమారు పండునదని భావము. జనవరి, ఫిబ్రవరి మాసములలో నాటినది జూను, జూలైలకు కోతకు వచ్చును. స్త్రీలు చిన్నకత్తి చేతబట్టి కంకి కంకిని కోయుదురు. మరుసటియేటి విత్తనమునకు మేలైన కంకులను ఏరి వేరుగా నుంచువారును స్త్రీలే. ఆ మండలపు వరిజాతులన్నియు తరతరములుగా ఆ చేతులలోనుండి వచ్చినవే గదా! ధాన్యపుకొట్టునకు కావలిగా "బులుల్" అను చెక్కబొమ్మలను నిలుపుట పూర్వాచారము.

ఇంకొక సంగతి మమ్ము మిక్కిలి యాకర్షించినది. ఆచారమున తల్లిదండ్రుల పొలములలో మేలైనవియు, ఎక్కువపాలును తొలిచూలు బిడ్డకే చెందును. ఆ బిడ్డ ఆడుదైనను సరియే. అట్టి సమాజమున పాటకూడ స్త్రీలదగుటలో వింతలేదు. కోతలప్పుడును, మృతులకడ రాత్రి మేలుకొనునప్పుడును "హుద్‌హుద్" అను గాథలను పాడుదురు. వృద్ధస్త్రీ యెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. ఇట్టి గాథలు 200కు పైగా గలవు, ఒక్కొక్కటి నలువది భాగములు, అన్నిటికిని రాగమొక్కటే. ఒక గాథ ముగియుటకు దినములు పట్టును. పుస్తకము లేకయే ఇంతటి కావ్యమును ధారణలో నిలుపుకొన్న ముదుసలిని విదుషీమణి యనక మరేమందుము?

యునెస్కో సంస్థ 1995లో ఇఫుగావోలోని ఐదుచోట్ల మళ్లను ప్రపంచవారసత్వ పట్టికలో చేర్చినది. వానిలో బాతాద్, బంగాన్ అను రెండును బనావేలోనివి. హుద్‌హుద్‌నకు 2001లో ఆ సంస్థయే గౌరవమిచ్చెను. ఆ సంవత్సరముననే మళ్లను ప్రమాదమునందున్నవాని పట్టికలోనికి మార్చవలసివచ్చెను. 2012లో అందుండి తొలగించిరి గాని, కారణములు పూర్తిగా తొలగలేదు. ఏడాదికొక్క పంటతో కుటుంబములు గడువవు. చదువుకొన్న బిడ్డలు జీతములకై పట్టణములకు పోవుచున్నారు. తిండికి పనికివచ్చునని 1980ల తొలినాళ్లలో ఫిలిప్పీనులకు తెచ్చిన బంగారునత్తలు మళ్లలో జొరబడి లేతనాట్లను తినివేయసాగినవి. దిగువసీమలలో యంత్రములు కోయుచున్నవి. యంత్రముతో కలిసి పాడు టెట్లు? పిల్లలను కూర్చుండబెట్టి వృద్ధురాండ్రచేత హుద్‌హుద్ నేర్పించు యత్నములు జరుగుచున్నవి. అది మెచ్చదగినదే, కాని కోత లేని కోతపాట బడిపాఠమే యగునేమోయని మాకు సంశయము.

యాత్రకు పోవువారు ఊరి చెంతనున్న మళ్లు చూచి మరలిపోక బాతాద్ వరకు పోవుట మేలు. అచట మళ్లు రంగస్థలము చుట్టు మెట్లవలె అర్ధచంద్రాకారముగా వంగి, నడుమ చిన్నపల్లెను పొదివికొనియుండును. కడపటి కొంతదూరము కాలినడకయే. దిగువకు పోయినచో తప్పియా జలపాతము కలదు. మడిగట్లే బాటలు గనుక మెల్లగా అడుగువేయవలెను. జారిన రాయిని తిరిగి పేర్చుటకు ఆ యింట మగవాడు ఊరిలో నుండకపోవచ్చును.