ఈమెయిల్‌కో జల్లెడ

పిల్లలూ, అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరడం చూశారా? ఒక రాయి మిగిలిపోతే అన్నం తినేటప్పుడు పంటికింద కరకరమంటుంది. అలాగని రాయేమోనన్న అనుమానం వచ్చినప్పుడల్లా పిడికెడు బియ్యం పారేస్తే? ఆ నష్టం ఎవరి కంటా పడదు. ఈమెయిల్లో చెత్తను వేరుచేసే స్పామ్ ఫిల్టర్ చేసే పొరపాట్లు కూడా ఈ రెండే.

ముందు ఆ పేరు సంగతి. స్పామ్ అంటే 1937లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన డబ్బా మాంసం. (పంది మాంసం కాబట్టి కువైట్ దుకాణాల్లో మీకు కనబడదు లెండి.) 1970లో ఒక బ్రిటిష్ టీవీ హాస్యనాటికలో, హోటల్లో ఏ వంటకం అడిగినా అందులో స్పామ్ ఉంటుంది. అడక్కుండా వచ్చిపడే ఉత్తరాలకు ఆ పేరే అతుక్కుంది. అలాంటి వాటిలో మొదటిదిగా చెప్పుకునేది 1978 నాటిది. గ్యారీ థర్క్ అనే ఉద్యోగి తన కంపెనీ కంప్యూటర్ల గురించి దాదాపు 400 మందికి ఒకేసారి పంపాడు.

మరి ఫిల్టర్‌కు చెత్త ఏదో ఎలా తెలుస్తుంది? 2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ ఒక పద్ధతి వివరించాడు. ఒక్కొక్క మాట చెత్త ఉత్తరాల్లో ఎన్నిసార్లు వచ్చింది, మంచి ఉత్తరాల్లో ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కవేసి, కొత్త ఉత్తరం ఎటువైపో తేల్చడమన్నమాట. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మంచి ఉత్తరాల వైపు లెక్కను ఆయన కావాలనే రెట్టింపు చేశాడు, పొరపాటున మంచిది చెత్తలో పడకూడదని. ఇప్పటి ఫిల్టర్లు పంపినవారి చిరునామా, లోపలి లింకులు, ఎంతమంది దాన్ని స్పామ్ అని నొక్కారు వంటివి కూడా చూస్తాయి.

మన ఇళ్ళలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. వీసా, ఉద్యోగం, దినార్లు, అర్జెంట్ అనే మాటలు మోసగాళ్ళ ఉత్తరాల్లో ఉంటాయి. మన అసలు ఉత్తరాల్లోనూ ఉంటాయి! జల్లెడ బిగిస్తే నాన్నగారికి వచ్చిన ఇంటర్వ్యూ కబురు చెత్తలో పడవచ్చు. వదులు చేస్తే "వీసా ఖర్చులకు ముందుగా డబ్బు కట్టండి" అనే దొంగ ఉత్తరం ఊళ్ళో ఉన్న బాబాయి ముందుకు వస్తుంది. అది పంటికింద రాయి కాదు, అప్పు తెచ్చి కట్టే డబ్బు. అయినా నా ఓటు కాస్త వదులుకే. కంటికి కనిపించిన ఉత్తరం గురించి ఇంట్లో నలుగురినీ అడగవచ్చు, కనిపించని దాని గురించి ఏమడుగుతాం?

జీమెయిల్ జల్లెడ కన్నాలు మన చేతిలో లేవు గానీ దానికి నేర్పవచ్చు. మంచిది స్పామ్‌లో కనిపిస్తే "స్పామ్ కాదు" అని నొక్కండి. బడి, ఆఫీసు చిరునామాలను కాంటాక్ట్స్‌లో చేర్చండి. ఇంగ్లీషు చదవడం ఇబ్బందైన అమ్మానాన్నలకు ఈ పని మీరే చేసిపెట్టవచ్చు. స్పామ్‌లో పడ్డవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి. వేసవి సెలవులకు రెండు నెలలు ఇండియా వెళ్ళే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచే వారానికోసారి ఆ పెట్టె తెరిచి చూడండి.

అందులో ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం దొరికితే సంబరపడి లింకు నొక్కకండి. భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. బాబాయి పైసా కట్టకముందే, ఆ ఏజెంటు పేరు అందులో ఉందో లేదో వెతికిపెట్టండి.