క్రీమియాను దీవిగా చేసిన రచయిత

1565లో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు ఓడిపోకుండా ఉంటే ఏమయ్యేది? రచ్చబండ మీద ఇలాంటి ప్రశ్న ఎవరో ఒకరు వేస్తారు. గంటసేపు వాదన నడుస్తుంది. చీకటి పడితే ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. ఎవరికీ నష్టం లేదు, లాభమూ లేదు.

ఇలాంటి ప్రశ్నే ఒకటి వేసుకుని, దానికి జవాబుగా ఏకంగా ఒక నవలే రాశారు రష్యన్ రచయిత వసీలీ అక్స్యోనొవ్. అది పూర్తయిన మరుసటి ఏడాదే ఆయన దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆ నవల సొంతగడ్డ మీద అచ్చు కావడానికి పదకొండేళ్ళు పట్టింది. దాని పేరు 'క్రీమియా దీవి'.

చరిత్రలో ఒక్కచోట మార్పు చేసి, అక్కడినుంచి కథ ఎటు పోయేదో ఊహించి రాసే నవలలు పాశ్చాత్య దేశాల్లో చాలా కాలంగా ఉన్నాయి. వీటిని ప్రత్యామ్నాయ చరిత్ర నవలలు అంటారు. రాయడం తేలిక అనిపిస్తుంది గాని కాదు. ఆడే అబద్ధం ఒక్కటే కావాలి. ఆ తర్వాత వచ్చేవన్నీ నిజంలాగే నడవాలి. రెండో అబద్ధం ఆడితే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

అక్స్యోనొవ్ ఆడిన అబద్ధం చరిత్రలో కాదు, పటంలో.

నల్లసముద్రంలోకి చొచ్చుకొని ఉన్న క్రీమియా నిజానికి ద్వీపకల్పం. పెరెకోప్ అనే సన్నటి నేల దాన్ని ఉత్తరాన ఉన్న భూభాగంతో కలుపుతుంది. కుండకు మెడలాంటిది ఆ నేల. వెడల్పు సుమారు ఏడు కిలోమీటర్లు. పక్కనే సివాష్ అనే ఉప్పు మడుగులు. వాటిని 'కుళ్ళు సముద్రం' అని కూడా అంటారు. రష్యా అంతర్యుద్ధం చివర్లో బోల్షివిక్కులకు ఎదురు నిలిచిన తెల్లసైన్యం జనరల్ వ్రాంగెల్ నాయకత్వాన ఇక్కడే తలదాచుకుంది. 1920 నవంబరులో గాలికి సివాష్ నీళ్ళు వెనక్కి తగ్గాయి. స్థానిక రైతు ఒకరు దారి చూపగా ఎర్రసైన్యం రాత్రివేళ ఆ బురదలో నడిచి దాటింది. పెరెకోప్ పడిపోయింది. సుమారు లక్షన్నర మంది 126 ఓడలెక్కి దేశం వదిలిపోయారు. ఇది జరిగిన చరిత్ర.

మరి ఆ మెడ లేకపోతే? క్రీమియా చుట్టూ నీళ్ళే ఉంటే?

నీళ్ళు అడ్డుంటే అధికారం కూడా ఆలస్యంగానే వస్తుందని మన లంక గ్రామాలవారికి వేరే చెప్పనక్కర్లేదు. నవలలో ఎర్రసైన్యం గడ్డకట్టిన జలసంధి మీద నడిచి వస్తుంటుంది. బ్రిటిష్ ఓడ మీది కుర్ర లెఫ్టినెంటు ఒకడు తనంతట తానే ఫిరంగులు పేలుస్తాడు. మంచు పగిలిపోతుంది. అంతే, క్రీమియా మిగిలిపోతుంది. అరవై ఏళ్ళ తర్వాత అక్కడ ఎత్తయిన భవనాలు, పరుగులు తీసే కార్లు, నోటికి వచ్చింది రాసుకునే పత్రికలు. ఇటు తెల్లవారి మనుమలు, అటు సోవియట్ యూనియన్. మధ్య నీళ్ళు.

కథానాయకుడు లూచ్నికొవ్ పత్రికా సంపాదకుడు. ధనవంతుడు, పైగా మంచివాడు. కష్టాల్లో ఉన్న తన జాతితో తామూ కలిసి బతకాలి, వాళ్ళ తలరాతే మన తలరాత కావాలి అని ప్రచారం చేస్తాడు. జనం నమ్ముతారు. ఎన్నికల్లో ఆ పక్షం గెలుస్తుంది. మమ్మల్ని కలుపుకోండి అని మాస్కోను కోరుతుంది. మాస్కో జవాబు చెప్పదు, సైన్యాన్ని పంపుతుంది. టెలివిజన్ మాత్రం అది 'వసంతం' అనే సైనిక క్రీడోత్సవమని చెబుతుంది. పూలు పట్టుకుని ఎదురెళ్ళిన వాళ్ళకే సంకెళ్ళు పడతాయి. పిలిచినవాడే ముందు మునిగాడు. ఈ నవలలో అందరికీ గుర్తుండిపోయేది ఈ భాగమే.

ఐదో ఏటనే అనాథాశ్రమం

ఇదంతా కుర్చీలో కూర్చుని చేసిన ఊహ మాత్రమే కాదు. అక్స్యోనొవ్ 1932లో కజాన్ నగరంలో పుట్టారు. తండ్రి ఆ నగర సోవియట్ అధ్యక్షుడు. తల్లి యెవ్గేనియా గింజ్‌బుర్గ్ ఉపాధ్యాయురాలు, పాత్రికేయురాలు. ఇద్దరూ పార్టీ సభ్యులే. 1937లో ఇద్దరినీ అరెస్టు చేశారు. బాబుకు ఇంకా ఐదేళ్ళు నిండలేదు. 'ప్రజాశత్రువు'ల పిల్లల లెక్కలో చేర్చి అనాథాశ్రమానికి పంపారు. పినతండ్రో మేనమామో ఎవరో ఒకరు పట్టించుకోకపోతే అలాంటి పిల్లలు ఊరూ పేరూ లేకుండా పోయేవారు. ఈ పిల్లవాణ్ణి బంధువు వెతికి తెచ్చుకున్నాడు. తల్లిని మళ్ళీ చూసేసరికి పదహారేళ్ళు. అది సైబీరియా ఆవలి కొసన ఉన్న మగదాన్. శిక్షాశిబిరాల ఊరు.

అక్స్యోనొవ్ డాక్టరీ చదివారు. మళ్ళీ అరెస్టులు మొదలైతే శిబిరంలో డాక్టరైతే బతికి బట్టకడతాడని ఇంట్లోవారి లెక్క. కొడుకు చదువు గురించి ఏ తల్లీ చేయకూడని లెక్క అది. 1956లో పట్టా వచ్చింది. నాలుగేళ్ళకే 'యూనొస్త్' అనే యువజన పత్రికలో మొదటి నవల వచ్చి ఆయనకు పేరు తెచ్చింది. 1963 మార్చిలో క్రెమ్లిన్ సభలో సాక్షాత్తూ క్రుశ్చేవ్ నిలబెట్టి గద్దించారు. తండ్రికి జరిగినదానికి పగ తీర్చుకుంటున్నావని నిందించారు. తండ్రి బతికే ఉన్నారని అక్స్యోనొవ్ జవాబిచ్చారు.

అచ్చు ఎక్కడ?

'క్రీమియా దీవి'ని ఆయన 1970ల చివర్లో రాశారు. తల్లి 1977లో మరణించారు. ఆ రోజుల్లో సోవియట్ దేశంలో సెన్సారు ముద్ర లేనిదే పుస్తకం అచ్చయ్యేది కాదు. విప్లవం ఓడిన ఒక చిన్న భూభాగం సుఖంగా ఉందని చెప్పే నవలకు ఆ ముద్ర పడదని రాస్తున్నప్పుడే తెలుసు. అయినా రాశారు. 1979లో మరో నలుగురితో కలిసి 'మెట్రోపోల్' అనే సంకలనం తెచ్చారు. టైపు చేసిన కాగితాలు అతికించి చేతితో తయారుచేసినవి పన్నెండు ప్రతులు. పన్నెండే! దానికే ప్రభుత్వం ఉలిక్కిపడింది. ఇద్దరు యువ రచయితలను రచయితల సంఘం నుంచి వెళ్ళగొట్టారు. అందుకు నిరసనగా అక్స్యోనొవ్ సంఘానికి రాజీనామా ఇచ్చారు. అదే డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించింది.

1980 జూలైలో ఆయన అమెరికా వెళ్ళారు. కొన్ని నెలలకే పౌరసత్వం రద్దయిందన్న కబురు అందింది. తిరుగుదారి మూసుకుపోయింది. 1981లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లోని ఆర్డిస్ అనే చిన్న ప్రచురణ సంస్థ 'క్రీమియా దీవి'ని రష్యన్‌లోనే అచ్చువేసింది. అమెరికన్ దంపతులు నడిపిన సంస్థ అది. రష్యాలో అచ్చుకు నోచుకోని రచనలే వారి సరుకు. 1983లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది.

రచయితకు ఇది గెలుపేనా? పుస్తకం బయటికి వచ్చింది, నిజమే. కాని ఎవరి కోసం రాశారో వారు దాన్ని దొంగచాటుగా, ప్రయాణికుల పెట్టెల అడుగున వచ్చిన ప్రతుల్లో చదవవలసి వచ్చింది. అదే కాలంలో మన విశాలాంధ్ర దుకాణాల్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, మంచి కాగితం, గట్టి అట్ట, కారుచవకగా దొరికేవి. వాటితోనే చదవడం అలవాటు చేసుకున్న పల్లెలు ఎన్నో. గోర్కీ, టాల్‌స్టాయ్ మన గడపదాకా వచ్చారు. ఈయన పుస్తకం మాత్రం ఈయన సొంత వీధికే రాలేదు.

గోర్బచేవ్ హయాంలో తలుపులు తెరుచుకున్నాయి. 1990లో పౌరసత్వం తిరిగి ఇచ్చారు. అదే ఏడాది 'క్రీమియా దీవి' ధారావాహికగా వచ్చింది. ఏ పత్రికలో? ముప్పై ఏళ్ళ కిందట ఆయన మొదటి నవల వేసిన 'యూనొస్త్'లోనే. మరుసటి ఏడాది సోవియట్ యూనియనే లేకుండా పోయింది. క్రీమియా ఉక్రెయిన్‌లో మిగిలింది.

2014 మార్చిలో రష్యా క్రీమియాను తనలో కలుపుకున్నప్పుడు చాలామంది ఈ నవలను అలమరలోంచి మళ్ళీ తీశారు. జోస్యం చెప్పాడని కొందరన్నారు. జోస్యం అనడం అంత సబబు కాదు. నవలలోని క్రీమియా వేరు, ఆ కలయిక వేరు. అక్స్యోనొవ్‌ను అడుగుదామంటే ఆయన అప్పటికే లేరు. 2009 జూలై 6న మాస్కోలో కన్నుమూశారు. నవల చివరి పుటల్లో మాత్రం ఒక చిన్న పడవ ఉంటుంది. అందులో పసిబిడ్డతో ఒక యువ జంట. పైన హెలికాప్టర్లు. కాల్చమని ఆజ్ఞ. పడవ సాగిపోతూనే ఉంటుంది.