ఇంటి కంప్యూటరును మోటారు పందెములకు సిద్ధపఱచుట

మన పాఠశాలయందలి పై తరగతుల విద్యార్థులలోఁ గొందఱు సెలవు దినములందు కంప్యూటరు ముందు కూర్చుండి కారు పందెములాడుదురని అందఱు నెఱిఁగినదే. ఈ ఆటలు రెండు తెగలు. మొదటి తెగవి కేవలము వినోదార్థమైనవి. వీనిలో గోడకుఁ గొట్టుకొనిన కారు బంతివలె ఎగిరి మరల దారిలోనికి వచ్చును. రెండవ తెగవానికి సిమ్యులేటరులని పేరు. ఇందు టైరునకును నేలకును గల ఘర్షణము, బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రములమీఁదికి వచ్చుట, పెట్రోలు తఱుగుకొలఁది కారు తేలికయగుట మొదలగునవి గణితముచే లెక్కింపఁబడుచుండును. అమెరికాలో 2008వ సంవత్సరమున ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన ఐరేసింగ్ అను సిమ్యులేటరు ఈ లెక్కను సెకనునకు 360 మార్లు చేయును. ఇది ఒట్టి పిల్లలాట యని త్రోసివేయ వీలులేదు. యాన్ మార్డెన్‌బరో అను బ్రిటిషు యువకుఁడు 2011లో గ్రాన్ టురిస్మో అను ఆటమీఁద నడచిన జీటీ అకాడమీ పోటీలో గెలిచి, పిమ్మట నిజమైన పందెముల కార్లు నడుపువాఁడయ్యెను.

ఇంటర్నెట్టు ద్వారా ఆడునప్పుడు ఒకే బాటపై ఇరువదిమందియో ముప్పదిమందియో, వేఱువేఱు దేశములవారు, ఏకకాలమునఁ బోటీపడుదురు. దీనికిఁ గంప్యూటరును సిద్ధపఱచు విధమడుగు విద్యార్థుల మొదటి ప్రశ్న, ‘ఏ గ్రాఫిక్సు కార్డు కొనవలెను?’ అనునదియే. ఇది తండ్రి జేబునకు భారమైన ప్రశ్న. అంతేకాక, ముందుగా నడుగవలసిన ప్రశ్నయుఁ గాదు. పందెమునకు యంత్రము యొక్క బలముకన్న దాని నిలుకడ ముఖ్యము.

ఎట్లనఁగా, గంటకు 200 కిలోమీటర్ల వేగముతోఁ బోవు కారు సెకనునకు 55 మీటర్లకుఁ బైగా సాగును. తెరమీఁది చిత్రము సెకనునకు 60 మార్లు మాఱుచున్నచో, ఒక చిత్రమునకును మఱియొక చిత్రమునకును నడుమ కారు ఒక మీటరుకంటెఁ గొంచెము తక్కువ దూరము పోవును. కన్ను దీని నంతగా లెక్కసేయదు. కాని కంప్యూటరు వేఱొక పనిలోఁ జిక్కుకొని అరసెకనుకాలము చిత్రమును నిలిపినయెడల, దాదాపు 28 మీటర్లు కన్నులు మూసికొని కారు నడిపినట్లే యగును. బ్రేకు వేయవలసిన గుర్తు దాటిపోవుటకు అది చాలును. కావున సగటున 100 చిత్రములు చూపుచు నడుమ నడుమ ఆగిపోవు యంత్రముకన్న, ఆగక 60 చిత్రములు చూపు యంత్రము మేలు. సగటు అను సంఖ్య ఇచ్చట మోసగించును. ఒక వారము పొంగి తక్కిన వారములు ఎండిన యేటికిని సగటు లోతు చెప్పవచ్చును గదా!

ఈ నిలుకడలేమి ఆడువానిని మాత్రమే బాధించునదైనచో ఈ వ్యాసము వ్రాయ నక్కఱలేకపోయెడిది. కాని సంగతి అట్లు లేదు. మీ కారు గమనమును మీ కంప్యూటరే లెక్కించి, కారున్న చోటు, వేగము, దిక్కు అను వివరములను చిన్న చిన్న పొట్లములుగాఁ గట్టి దూరమందలి సర్వరునకుఁ బంపుచుండును. సర్వరు వానిని తక్కిన యాటగాండ్రకు పంచును. పొట్లము రాక ఆలస్యమైనచో ఎదుటివాని కంప్యూటరు చేతులు ముడుచుకొని కూర్చుండదు. తనకుఁ జివర తెలిసిన వేగమును దిక్కును బట్టి మీ కారు ఇప్పు డెచ్చట నుండునో ఊహించి తెరపైఁ జూపును. తీరము కనఁబడని సముద్రములో నావికుఁడు గడచిన కాలమును, ఓడ వేగమును బట్టి తానున్న చోటు లెక్కించుకొనుట వంటిదే యిది. తిన్నని దారిలో ఈ యూహ చక్కఁగా సరిపోవును. మలుపు దగ్గఱ మీరు బ్రేకు త్రొక్కిన క్షణముననే పొట్లములు ఆగినచో, వెనుక వచ్చువాని తెరపై మీ కారు బ్రేకు లేక ముందునకే పోవుచున్నట్లు కనఁబడి, పిమ్మట ఒక్కమారుగా వెనుకకు దుమికి వాని మూతిమీఁదఁ బడును.

ఐరేసింగునందు ఆటగాండ్రకు రూకీ, డి, సి, బి, ఎ అను వరుసలో లైసెన్సులు కలవు. దోషములు తక్కువగా నున్నవాఁడు పైమెట్టునకుఁ బోవును. రెండు కార్లు గట్టిగా ఢీకొన్నచో, తప్పెవరిదని విచారింపకయే ఇరువురి లెక్కలోను దోషాంకములు వ్రాయఁబడును. ఇది కఠినమైన పద్ధతియే. అయినను తీర్పు చెప్పుటకు ప్రతి పందెమునకు ఒక పెద్దమనిషిని కూర్చుండఁబెట్టుట సాధ్యము కాదు. ఫలితమేమనఁగా, మీ యింటి వైఫై లోపమునకు, ఏ బ్రెజిలు దేశములోనో అపరాత్రి మేల్కొని ఆడుచున్న అపరిచితుఁడు శిక్ష ననుభవించును. మీ పేరు తప్ప మీ సంగతి అతఁ డెఱుఁగఁడు. క్షమాపణ చెప్పుకొనుటకైనను మీకు వ్యవధి యుండదు.

కాఁబట్టి ఏర్పాటు తీఁగతో మొదలుపెట్టుఁడు. రౌటరునుండి కంప్యూటరునకు ఈథర్నెట్టు తీఁగ వేయుట అన్నిటికన్న చవుకయైనది, అన్నిటికన్న మేలుచేయునది. వైఫై గాలిలోఁ బోవునది గావున ఇరుగుపొరుగు రౌటరులతోను, నడుమనున్న గోడలతోను, వంటయింటి మైక్రోవేవ్ పొయ్యితోను దానికిఁ దగవులు తప్పవు. చెడిన పొట్లమును మరల మరల పంపుటచేత కాలము హెచ్చుతగ్గులగును. పందెమునకుఁ గావలసిన సమాచారము సినిమా చూచుటకుఁ గావలసినదానిలోఁ గొద్దిభాగమే. కావున ‘మా యింట నూఱు ఎంబీపీఎస్ కనెక్షను గలదు’ అని ధైర్యపడుట వ్యర్థము. పింగ్ అను ఆజ్ఞతో నూఱు పొట్లములు పంపి, తిరిగివచ్చిన కాలములను చూడుఁడు. 80, 82, 79, 81 మిల్లీసెకనులని వచ్చినచో మంచిది. 40, 38, 190, 36 అని వచ్చినచో, సగటు తక్కువగానే యున్నను, ఆ దారి పందెమునకుఁ బనికిరాదు.

దూరమును జయించుట మాత్రము ఎవరి తరమును గాదు. గాజుతీఁగలో వెలుతురు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. సర్వరు ఏడువేల కిలోమీటర్ల దూరమున నున్నచో, పోయి వచ్చుటకే 70 మిల్లీసెకనులు కావలెను. ఎంత ధనము వెచ్చించినను అది తగ్గదు. దగ్గఱి సర్వరుపై జరుగు పందెమును ఎంచుకొనుటయే ఉపాయము. సర్వరే మొరాయించినచో ఎంతటివాఁడును చేయఁగలది లేదు. 2023 జనవరిలో జరిగిన వర్చువల్ లమాన్స్ 24 గంటల పందెములో అగ్రస్థానమున నున్న మాక్స్ వెర్‌స్టాపెన్ కారునకు సర్వరుతోడి సంబంధము తెగిపోఁగా, ఆ జట్టు పందెమునే విడువవలసివచ్చెను.

ఇఁక కంప్యూటరు. చిత్రముల నందమును తగ్గించుటకు సంకోచింపకుఁడు. నీడలు, అద్దములలోని ప్రతిబింబములు, గట్టుమీఁది జనసమూహము, ఇవి యంత్రమునకుఁ బెద్ద బరువులు; మీ వేగమునకు వీనివలన ఇసుమంతయు లాభము లేదు. పార్శ్వపుటద్దములు మాత్రము తీసివేయరాదు. చిత్రముల సంఖ్యకు ఒక హద్దు నియమించి, యంత్రము ఎల్లప్పుడును సునాయాసముగా అందుకొనఁగల సంఖ్యనే దానికి నిర్ణయింపుఁడు. విండోసు తనంతట తాను నవీకరణములు దింపుకొను అలవాటు గలది; పందెపు వేళకు దానిని ఆపి, బ్రౌజరును మూసివేయుఁడు. లాప్‌టాపునందు ఆడువారు చార్జరును తగిలించియే ఆడవలెను. వేఁడి యెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును గనుక ఫ్యానులోని దుమ్మును దులుపుట కూడ సిద్ధపఱచుటలోని భాగమే. కరెంటు పోవు ఊళ్లలో కంప్యూటరునకు యూపీఎస్ పెట్టి రౌటరును మఱచువారు కలరు. రెండింటికిని ఆధారముండవలెను.

స్టీరింగును బల్లకు బిగించి, దాని తీఁగను కంప్యూటరు యొక్క సొంత యూఎస్‌బీ రంధ్రమునకే తగిలింపుఁడు. విద్యుత్తు పొదుపుకొఱకు విండోసు ఆ రంధ్రమును నిద్రపుచ్చకుండ అమరిక మార్చుఁడు. లాజిటెక్ జీ29 వంటి స్టీరింగు ఒక కొననుండి మఱియొక కొనకు 900 డిగ్రీలు తిరుగును. ఆ కొలఁత ఆటయందును సరిపోవలెను. ధనము మిగిలినచో తెరమీఁదకంటె బ్రేకు పెడలుమీఁద వెచ్చించుట మంచిదని నా యభిప్రాయము. కాలు తాను పోయిన దూరముకన్న త్రొక్కిన బలమును బాగుగా జ్ఞప్తియందుంచుకొనును. బలమును కొలుచు పెడలులు వేఱుగా దొరకును. చక్రముల కుర్చీలోఁ గూర్చుండి ఆడువారికి బ్రేకు త్రొక్కినప్పుడు కారు ఆగుటకు మాఱు కుర్చీ వెనుకకుఁ బోవును. దానికి నాలుగు కాళ్ల కొయ్యకుర్చీయే మందు.

తెరలోఁ గనఁబడు దృశ్యపు కోణమును పలువురు ఉపేక్షింతురు. 27 అంగుళముల తెర దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పుండును. కన్నునకు 60 సెంటీమీటర్ల దూరమున నున్నచో అది 53 డిగ్రీల కిటికీ వంటిది. పదవ తరగతి త్రికోణమితి తెలిసినవారు దీనిని సరిచూచుకొనవచ్చును. ఆటలో ఈ కోణమునే పెట్టవలెను. ఎక్కువ పెట్టినచో ప్రక్కలు కనఁబడును గాని మలుపు ఉన్నదానికంటె దూరముగాఁ దోఁచి, బ్రేకు వేయు చోటు తప్పును.

అన్నియు నమర్చిన పిమ్మట, ముందుగాఁ గంప్యూటరే నడుపు ముప్పది కార్లతో ఒక పందెము పెట్టి, వరుసలో చిట్టచివర నిలిచి బయలుదేఱి చూడుఁడు. యంత్రమునకు అత్యంత కష్టమైన ఘడియ మొదటి మలుపే. చిత్రము అచ్చట తడఁబడకున్న మఱెచ్చటను తడఁబడదు. పిమ్మట ఇంటిల్లిపాదియు ఫోనులు చూచు సాయంకాలపు వేళ, ఇంటర్నెట్టుమీఁద ఒంటరి అభ్యాసము చేయుఁడు. ఇంత చేసినను నిజమైన పందెము నడుమ చిత్రము ఆగుచున్నచో, తిన్నని దారి వచ్చువఱకు ఓపికపట్టి, బాటనుండి ప్రక్కకుఁ దొలఁగి, బ్రేకు గట్టిగాఁ బట్టి కారును నిలిపి, వెనుకవా రందఱు దాటిపోయిన పిదప పందెమునుండి వెడలిపొండు.