మంచు వాలు మీద నాగలి

(మూడవ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

స్కీయింగ్ అనగానే మన కళ్ళముందు సినిమా పాటల్లోని కాశ్మీరు కొండలూ, రంగురంగుల స్వెట్టర్లూ కదులుతాయి. అది డబ్బున్నవాళ్ళ సరదా అనీ, ప్రాణాలకు తెగించినవాళ్ళ ఆట అనీ నేనూ అనుకునేవాణ్ణి. చదివి చూస్తే దాని వెనక ఉన్నది మన ఫిజిక్సు పాఠమే.

కొండమీద నిలబడ్డ మనిషికి ఆ ఎత్తువల్ల స్థితిశక్తి ఉంటుంది. కిందికి దిగేకొద్దీ అది గతిశక్తిగా మారుతుంది. కాళ్ళకు బిగించుకునే రెండు పొడవాటి పలకలే స్కీలు. అవి మన బరువును ఎక్కువ వైశాల్యంమీద పంచుతాయి గనుక కాలు మంచులో కూరుకుపోదు. రాపిడికి పుట్టిన వేడితో మంచు పైపొర సన్నగా తడై, పలక సులువుగా జారుతుంది. ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు. లాగేది భూమి!

మరి ఆగడం ఎలా? మొదట నేర్పేది అదే. స్కీల ముందు కొనలు దగ్గరగా చేర్చి, వెనక కొనలు ఎడంగా నెట్టి, లోపలి అంచుల్ని మంచులోకి ఒత్తాలి. దీని పేరు 'స్నో ప్లవ్', అంటే మంచు నాగలి. రైతుబిడ్డను కదా, ఆ పేరు నాకు మహా నచ్చింది. ఎడం పెంచితే వేగం తగ్గుతుంది. కుడికాలిమీద బరువు వేస్తే ఎడమకు, ఎడమకాలిమీద వేస్తే కుడికి తిరుగుతాం. బాగా వచ్చినవాళ్ళు తిన్నగా దిగకుండా పాములా మెలికలు తిరుగుతూ దిగి వేగాన్ని అదుపులో పెట్టుకుంటారు.

చిక్కల్లా భయంతోనే. వాలు చూడగానే ఒళ్ళు తనంతట తానే వెనక్కి వాలుతుంది. బరువు మడమలమీదకు పోయి స్కీల ముందుభాగం పట్టు తప్పుతుంది. ఇక మలుపూ తిరగదు, వేగమూ తగ్గదు. అందుకే మోకాళ్ళు వంచి, బరువు ముందుకు ఉంచి, చూపు దూరంగా నిలపమంటారు.

ఇది చదువుతుంటే నాకు మా మడి గుర్తొచ్చింది. దమ్ము చేసిన పొలంలో చదును పలకమీద తొలిసారి నిలబడ్డప్పుడు, ఎద్దులు కదిలేసరికి భయపడి వెనక్కి వాలాను. బురదలో వెల్లకిలా పడ్డాను. "కాళ్ళకేసి చూడకురా, మోకాళ్ళు వంచి ముందుకు చూడు" అన్నాడు నాన్న. ఆయన మంచుకొండ ఏనాడూ చూడలేదు.

ఈ ఆటవల్ల తొడలు, నడుము బలపడతాయి. గుండెకు మంచి వ్యాయామం. ఒంటికి నిలకడ అలవడుతుంది. అయితే మోకాలి లిగమెంటు తెగే ప్రమాదమూ ఉంది. అందుకే పడినప్పుడు స్కీ బూటునుంచి ఊడిపోయేలా బైండింగును సరిచేయించుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి. హద్దులు దాటి వెళితే మంచుచరియలు విరిగిపడవచ్చు.

ఈ వాలు స్కీయింగ్ 1936లో ఒలింపిక్స్‌లో చేరింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాశ్మీరుకు చెందిన ఆరిఫ్ ఖాన్ జెయింట్ స్లాలం పోటీలో 45వ స్థానం పొందాడు. గుల్మార్గ్‌లోనూ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ కొత్తవాళ్ళకు నేర్పుతారు.

నేనింకా మంచును ముట్టుకోలేదు. ఒక్కసారైనా వెళ్ళాలని ఉంది. పడటం ఎలాగూ తప్పదు. వెల్లకిలా మాత్రం పడను!