అణా మీద మన అక్షరాలు

తిరుచ్చులిలో భూమినాథస్వామి కోవెలకు దగ్గరలోనే మా మేనత్తగారి ఇల్లు. మొన్న అక్కడికి పోయినప్పుడు అటక మీది పాత తగరపు డబ్బా ఒకటి క్రిందికి దిగింది. దాని నిండా అణాలు, బేడలు, పావలాలు. ఆమె మనుమడు ఒక అణాను ఇటుకపొడితో తోమి తెచ్చి, "చూడు మామా, ఎట్లా మెరుస్తున్నదో!" అన్నాడు. మెరుపు నిజమే. కాని దాని మీది గీత లన్నీ మొద్దుబారి పోయినవి. తోమని అణా నొకదాన్ని వాని చేతికిచ్చి, "దీనిమీద ఏమి వ్రాసి వున్నదో చదువు" అన్నాను. వాడు తెల్లబోయి, "ఇదేమి రాత మామా?" అన్నాడు.

అది తెలుగు! ఇంట్లో గలగల తెలుగు మాట్లాడే పిల్లవానికి ఆ రాత తనదని తెలియలేదు. ఇది ఆ యింటి మాట మాత్రమే కాదు గదా!

పూరేకుల వంటి అంచు గల ఈ అణా 1907లో చలామణికి వచ్చింది. రాగి మూడు వంతులు, నికెలు ఒక వంతు కలిపిన లోహం. దాని వెల ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, బెంగాలీ, తెలుగు, హిందీలలో అచ్చయింది. మొదటి ప్రపంచయుద్ధంలో వెండి కరవు రాగా 1918 నుంచి బేడను కూడా ఈ లోహంతోనే చతురస్రంగా కొట్టారు. 1946, 1947 నాటి పులిబొమ్మ పావలా, అర్ధరూపాయి మాత్రం అచ్చమైన నికెలు. వాటికి అయస్కాంతం అంటుకుంటుంది, అణాకు అంటుకోదు.

నికెలు కలిసిన లోహం వెండికన్న గట్టిది. టంకశాలలో బిళ్ళను రెండు అచ్చుల నడుమ పెట్టి గట్టిగా నొక్కినప్పుడు, లోహం అచ్చులోని ప్రతి గుంటలోకీ పారాలి. ఒత్తిడి చాలకపోతే లోతైన చోట్లు నిండవు. అచ్చు అరిగితే అక్షరాల అంచులు చెదరుతాయి. అచ్చులో జిడ్డూ, లోహపు పొడీ చేరితే అక్షరమే మాయమౌతుంది. కనుక టంకశాల నుంచి నేరుగా వచ్చిన కొత్త నాణెం కూడా మసకగా ఉండవచ్చును.

మరి, సరిగా అచ్చు దిగనిదేదో, చేతులు మారి అరిగినదేదో తెలుసుకోవడం ఎట్లా? నాణేన్ని అంచుతో పట్టుకొని, ఒకే దీపం క్రింద మెల్లగా వాల్చి త్రిప్పండి. అరిగినదైతే ముందుగా ఎత్తైన చోట్లు — రాజుగారి చెంప, కనుబొమ్మ, కిరీటం — నున్నబడి, చుట్టుప్రక్కల కన్న వెలవెలబోయి కనబడతాయి. అచ్చు దిగనిదైతే గీత లేని చోట కూడా తొలినాటి నిగారింపు ఉంటుంది. భూతద్దంతో చూస్తే బిళ్ళకు అచ్చు పడకముందే ఉన్న సన్నని గీకుళ్ళు అక్కడ అట్లాగే మిగిలి ఉండటం కూడా కద్దు. వెనుకకు త్రిప్పి అదే చోటు చూడండి. అటువైపు కూడా మసకగా ఉంటే ఒత్తిడి చాలలేదన్న అనుమానం బలపడుతుంది.

అమెరికాలో ఐదు సెంట్ల నాణేన్ని నికెల్ అనే పిలుస్తారు. 1938లో వచ్చిన జెఫర్సన్ నికెల్ వెనుక ఆయన ఇల్లు మాంటిచెల్లో ఉన్నది. అక్కడి సేకర్తలు ఆ ఇంటి మెట్లు లెక్కపెడతారు. కనీసం ఐదు మెట్లు తెగకుండా, ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కనబడితేనే దానికి "పూర్తి మెట్ల" నాణెమని గౌరవం. వెల కూడా ఆ మెట్లను బట్టి పెరుగుతుంది.

మనకు మెట్లతో పనిలేదు. మన అణా మీద "ణా" అక్షరం ఉన్నదిగా! దాని మెలికలు విడివిడిగా, లోపలి ఖాళీలు పూడుకోకుండా కనబడితే అక్కడ అచ్చు బాగా దిగినట్లే. పులిబొమ్మ నాణేనికి పులి చారలు చూడండి.

ఒక్క మనవి. పాత నాణేలను చింతపండుతోగాని, ఇటుకపొడితోగాని తోమకండి. నల్లబడినది నల్లగానే ఉండనివ్వండి. అరిగిన గీతను ఏ కంసాలీ తిరిగి తేలేడు.

ఆ సాయంకాలం మా వాడు భూతద్దం పట్టుకొని, డబ్బాలోని అణా లన్నిటిలో "ణా" బాగా తేలినదాన్ని ఏరి పెట్టాడు. తరువాత పలక తెచ్చుకొని, దాన్ని చూచి "అణా" అని వ్రాశాడు. మొదటి సారి "ణ" వంకర పోయింది. మూడవ సారికి కుదిరింది. మేనత్తగారు కండ్లజోడు పెట్టుకొని వచ్చి, చాలాసేపు ఆ పలకవంక చూచి, "నాకు కూడా నేర్పించరా" అన్నది.

మీ యిండ్లలో కూడా ఇటువంటి డబ్బా ఒకటి ఉండకపోదు. ఈ సెలవులలో దించి చూడండి.